పూజారి గారి ట్యాంకు చైను

మా ఆయన ఆంజనేయస్వామి గుడి పూజారి. ఆయనకు యుద్ధ ట్యాంకుల పిచ్చి. ఈ రెండు మాటలూ ఒకేసారి విన్నవాళ్ళు నా మొహం వంక చూస్తారు, ఎగతాళి చేస్తున్నానేమోనని. ఎగతాళి చేస్తూనే ఉన్నాను, పెళ్ళయినప్పటి నుంచీ. ఆ పిచ్చి మాత్రం తగ్గలేదు.

చిన్నప్పుడు ఆదోని స్టేషన్లో ఒక మిలిటరీ గూడ్సు సిగ్నల్ దొరక్క ఆగిందట. దాని మీద వరసగా ట్యాంకులు. అన్నిటికీ టార్పాలిన్ కప్పి ఉందట గానీ ఒకదానికి గుడ్డ జారిపోయి చైను బయటపడిందట. పిల్లవాడు దాన్ని చూస్తూ నిలబడి సాయంత్రం పూజకు పువ్వులు తేవడం మర్చిపోయి వాళ్ళ నాన్న చేత తన్నులు తిన్నాడట. "ఆ చైను చూసినాక నాకు స్వామి రథం చక్రాలు కూడా కంటికి ఆనలేదు" అంటాడు. రథం ముందు హారతి పట్టే వంశంలో పుట్టినవాడు అనాల్సిన మాటేనా అది?

పెద్దయ్యాక ఆ పిచ్చి పెట్టెల రూపంలో ఇంటికి రావడం మొదలైంది. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. అసలు ట్యాంకులో ముప్పై అయిదో వంతు సైజు. వాటిని కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగు వేస్తే ట్యాంకు అవుతుంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదని పెట్టె మీద రాసి ఉంటుంది. యాభై దాటిన పూజారులకు ఇవ్వకూడదని రాయకపోవడం ఆ కంపెనీ వాళ్ళ బుద్ధి తక్కువ.

నేను ఎమ్మిగనూరులో హైస్కూలు లెక్కల టీచర్ని. పొద్దున్నే ఆదోనిలో బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరతాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆయన చాప మీద కూర్చుని, పంచె ఎగగట్టి, జంధ్యం చెవికి చుట్టుకుని ఒక చక్రాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూ ఉంటాడు. జంధ్యం చెవికెందుకు చుట్టాడని మొదట్లో అడిగాను. జిగురు అంటకుండా అట. ఆ తర్వాత స్నానం చేసి, మడి కట్టుకుని సాయంత్రం పూజకు పోతాడు. ట్యాంకు ముట్టుకుంటే మైల అని ఆయనే నిర్ణయించుకున్నాడు. ఏ శాస్త్రంలో ఉందంటే చెప్పడు.

ఇక ఆ ఫోన్ గ్రూపు. దేశంలోని ట్యాంకు పిచ్చివాళ్ళంతా అందులో ఉన్నారు. కట్టేవాళ్ళు తక్కువ, పెట్టెలు కొని అటక మీద దాచేవాళ్ళు ఎక్కువ. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, పెట్టె విప్పకముందే దానికి ఏ రంగు వేయాలో నెలల తరబడి కొట్లాడుకుంటారు. అన్నిటికన్నా పెద్ద కొట్లాట చైను గురించి. పెట్టెలో వచ్చే చైను రబ్బరుది. అసలు ట్యాంకు చైను ఇనుముది కాబట్టి తన బరువుకి పై చక్రాల మధ్య కొంచెం కిందికి వేలాడుతుంది. రబ్బరుది వేలాడదు, నాడా బిగించినట్టు ఉంటుంది. ఆ వేలాడకపోవడం మా ఆయన్ను ఎన్నాళ్ళు బాధపెట్టిందో చెబితే నవ్వుతారు. ఇంటి కప్పు నుంచి వాన కారుతుంటే మాత్రం ఆయనకు ఏ బాధా ఉండదు, కింద గిన్నె పెడితే సరిపోతుంది.

చివరికి లోహపు చైను తెప్పించాడు. విడిగా అమ్ముతారు, ఎక్కడో పరాయి దేశంలో పోతపోసినది. నేను నిజంగానే చైను వస్తుందనుకున్నాను. పప్పు అడిగితే కందులు కొలిచి ఇచ్చినట్టు, చైను కాదు, చైను కావలసిన ముక్కలు వచ్చాయి. సంచీ నిండా గోరంత గోరంత బిళ్ళలు, ఒక చుట్ట సన్న తీగ. ప్రతి బిళ్ళకూ అంచున సూది పట్టేంత చిల్లులు. ఆ చిల్లుల్లో సగం పోతపోసేటప్పుడే పూడిపోయి ఉంటాయి. వాటిని వెంట్రుక లాంటి డ్రిల్లుతో, మోటారు లేకుండా, బొటనవేలూ చూపుడువేలూ మధ్య తిప్పుతూ తెరవాలి. అంచుల్లో మిగిలిన పొరను ఆకురాయితో తీయాలి. బిళ్ళను బిళ్ళకు కలిపి చిల్లులోంచి తీగ దూర్చి, తుంచి, తీగ చివర మాత్రం ఒక్క బొట్టు జిగురు పెట్టాలి. బొట్టు ఎక్కువైతే లోపలికి జారి కీలు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్న చైను ఎందుకూ పనికిరాదు. ఇంత చేస్తే ఒక బిళ్ళ ఇంకో బిళ్ళను పట్టుకుంటుంది. అలాంటివి ఒక పక్కకే బోలెడు. ట్యాంకుకు రెండు పక్కలు.

"ఇంత కష్టం నిజం ట్యాంకు చేసేవాళ్ళు కూడా పడరు గదా" అన్నాను.

"వాళ్ళకు క్రేన్లుంటాయి" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, మా ఇంట్లో ఎలుకను ముందు పట్టుకుని దాని కోసం కొండను తెప్పించారు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఎడమ పక్క చైను అయ్యాక ఆయన దాన్ని నా అరచేతిలో పోశాడు. అవును, పోశాడు. మా అమ్మమ్మ వడ్డాణంలా బరువుగా, జలజలా జారుతూ వచ్చి చేతిలో కుప్ప పడింది. బాగుంది. ఆ మాట మాత్రం పైకి అనలేదు. అంటే రెండో ట్యాంకు తెప్పిస్తాడని నా భయం.

రెండో పక్క మొదలుపెట్టకముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. దసరా ముందు, ఒక పొద్దున గంధం తీస్తూ తీస్తూ సాన మీద పక్కకు ఒరిగిపోయాడు. కర్నూలు తీసుకుపోయాం. మాట కొద్ది రోజులకే తిరిగి వచ్చింది. కాలు ఈడుస్తూనైనా నడవడం వచ్చింది. కుడి చెయ్యి రాలేదు. భుజం నుంచి తడిబట్టలా వేలాడేది. వచ్చేదేదైనా తొలి నెలల్లోనే వస్తుందనీ, ఆ తర్వాత ఆశ పెట్టుకోవద్దనీ కర్నూలు డాక్టరు చెప్పాడు.

మామూలు మనిషికి కుడి చెయ్యి పోతే చెయ్యి పోతుంది. పూజారికి పోతే గుడి పోతుంది. మా గుడిలో పూజ వంతుల మీద నడుస్తుంది. అన్నదమ్ముల బిడ్డలు ముగ్గురికి తలా ఒక ఏడు. ఉగాది నాడు గుడి తాళంచెవి చేతులు మారుతుంది. వంతు లేని ఏళ్ళల్లో వ్రతాలూ గృహప్రవేశాలూ చేసుకుంటారు. రాబోయే ఉగాదికి వంతు మా ఆయనది. అర్చన కుడిచేత్తోనే, హారతి కుడిచేత్తోనే, తీర్థం ఇచ్చేదీ కుడిచేత్తోనే. ఎడమ చేతిని స్వామి ముందు ముక్కు తుడుచుకోవడానికి కూడా ఎత్తరు. ఉగాది లోపల చెయ్యి రావాలి. రాకపోతే వంతు పక్కవాళ్ళకు పోతుంది. మా ఇళ్ళల్లో ఒకసారి జారిపోయిన వంతు తిరిగి వచ్చిన దాఖలా లేదు.

ఈ సంగతి మాకన్నా ముందు మా మరిదికి తెలుసు. మా ఆయన చిన్నాన్న కొడుకు. ఆ ఏడు వంతు వాడిదే. అరటిపండ్లు పట్టుకుని పరామర్శకు వచ్చాడు. వచ్చినవాడు మొహం చూడాలి గదా, నేరుగా చెయ్యి చూశాడు. సంతలో ఎద్దు కాలు చూసినట్టు చూశాడు.

"నువ్వేం దిగులు పెట్టుకోవద్దన్నా. ఉగాదికి నీకు బాగ లేకపోతే నీ వంతు గూడ నేనే చేస్తా. స్వామికి ఎవరి చెయ్యైనా ఒకటేగదా" అన్నాడు.

"ఎవరి చెయ్యైనా ఒకటే అయితే నీకెందుకప్పా ఆ కష్టం? గుడి ముందర టెంకాయలమ్ముతాండాడే, ఆయప్పను చేయమందాం" అన్నాను.

వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు ఈరోజుకీ ఒంట్లో కారం రాసినట్టే ఉంటుంది. పోతూ పోతూ అరటిపండ్లు మాత్రం బల్ల మీద పెట్టిపోయాడు. అవి మచ్చలు పడి, మెత్తబడి ఉన్నాయి.

తర్వాత వైద్యాలు. ఊళ్ళో ప్రతివాడూ పక్షవాతానికి డాక్టరే. పక్కింటావిడ మంచిది, మంచితనం వల్లనే ఎక్కువ ప్రమాదం. గోడ మీదుగా తొంగి చూసి, "అక్కా, పావురం నెత్తురు పూసి ఎండలో కూసోబెట్టు, వారంలో లేసి నడుస్తాడు. మా మామకు అట్లే అయింది" అంది. ఉల్లిపాయకే చోటులేని ఇంట్లోకి పావురాన్ని కోసి తెమ్మంటుంది. ఇంతకీ వాళ్ళ మామ ఏడీ అంటే పోయి చాలా ఏళ్ళయిందట. ఇంకొకరు ఏదో పసరు మందన్నారు, ఇంకొకరు తాయెత్తన్నారు. మంత్రాలయంలో సేవ చేయిస్తామని మొక్కుకున్న వాళ్ళు, నా తరఫున మొక్కుకుని నన్ను తీర్చమన్న వాళ్ళు కూడా ఉన్నారు.

వీటన్నిటికన్నా నయమని ఒక ఫిజియోథెరపీ ఆయన్ను పెట్టాం. వచ్చినప్పుడల్లా ఒక రబ్బరు బంతి ఇచ్చి పిసకమనేవాడు. పళ్ళెంలో చిక్కుడు గింజలు పోసి ఏరమనేవాడు. అవి ఏరుతుంటే తాను ఫోన్ చూసుకునేవాడు. మా ఆయన మూడో వారంలోనే ఆయన్ను తరిమేశాడు.

"సహస్రనామార్చన చేసిన చెయ్యి ఇది. చిక్కుడు గింజలేరమంటాడా?" అని గింజల పళ్ళెం నెట్టేశాడు.

"మరి చెయ్యి ఎట్ల వస్తుంది?" అని నేను అరిచాను.

ఆయన అటక వైపు చూపించాడు. "రెండో పక్క చైను అట్లే ఉంది గదా. అది చేస్తా. ఆ బిళ్ళలు ఏరి, తీగ దూర్చి, డ్రిల్లు తిప్పితే అంతకన్న మించిన కసరత్తు ఏముంది?"

నాకూ అది సబబుగా తోచింది. బంతి పిసకడానికి గుప్పిలి చాలు, ఆ బిళ్ళ పట్టడానికి వేలి కొనలు కావాలి. పైగా మొండివాడు రాజుకన్న బలవంతుడు. ఆయన చిక్కుడు గింజ ముట్టడని తేలిపోయింది, ట్యాంకునైనా ముట్టనీ అనుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను తిట్టిపోసిన ఆ సంచీని నేనే స్టూలెక్కి అటక మీంచి దించాను. కావాలంటే ఆంజనేయస్వామి సాక్ష్యం చెబుతాడు.

వడ్రంగిని పిలిపించి ఒక చిన్న చెక్క చేయించుకున్నాడు. చెక్క మీద రెండు బద్దలు, మధ్య సందులో బిళ్ళలు వరసగా కూర్చుంటాయి, కదలవు. చెయ్యి ఇంకా బలహీనంగా ఉంది కాబట్టి ఆసరాకు అనుకున్నాను.

అప్పటి నుంచి నా పగళ్ళు ఎమ్మిగనూరులో, ప్రాణం ఆదోనిలో. బస్సు దిగి ఇంటికి రాగానే చెప్పులు విడవకుండానే చెక్క దగ్గరికి పోయేదాన్ని. మొదటి రోజుల్లో రెండు బిళ్ళలు, మూడు బిళ్ళలు. ఒక్కోరోజు ఏమీ ఉండదు. నేల మీద మాత్రం రాలిన బిళ్ళలుండేవి, నేను ఊడుస్తూ ఏరేదాన్ని. తర్వాత తర్వాత వేలెడు పెరిగింది, బెత్తెడు పెరిగింది. స్కూలు నుంచి స్కేలు తెచ్చుకుని కొలిచేదాన్ని. ఎంత పెరిగితే ఎన్నాళ్ళకవుతుంది, ఉగాదికి ముందే అవుతుందా, ఇదే నాకు బస్సులో పని. ఇన్నేళ్ళు పిల్లలకు చెప్పిన కాలము-పని లెక్కలు నాకు మొదటిసారి పనికొచ్చాయి.

సాయంత్రం నా ముందు మాత్రం ఆయన చైను ముట్టేవాడు కాదు. కుడి చెయ్యి ఉత్తరీయం కింద ఒడిలో పెట్టుకుని కూర్చునేవాడు. ఎత్తి చూపించమంటే, "పొద్దంతా పనిచేసి అలిసిపోయింది, వదిలెయ్యి" అనేవాడు. చేస్తున్న పని చూస్తే దిష్టి తగులుతుందనేవాడు. అది నాకు వింతగా అనిపించలేదు. నైవేద్యం పెట్టేటప్పుడు తెర వేసే మనిషి, ట్యాంకుకు కూడా తెర వేసుకున్నాడనుకున్నాను.

అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని. ఎడమ చేత్తో తినమని మా బంధువులు ఎవరో అంటే, ఆ రోజంతా తినకుండా ఉన్నాడు. ఎడమ చేత్తో ఒకరికి పువ్వు ఇచ్చిన మనిషి కాదు, దేవుడి గదిలో ఎడమ చేత్తో గంట తప్ప ఇంకోటి ముట్టిన మనిషి కాదు. ఇంట్లో నేను పొరపాటున ఎడమ చేత్తో మజ్జిగ వడ్డిస్తే గ్లాసు పక్కకు జరిపేవాడు. అలాంటి ఆయన చేతిలో చైను పెరుగుతోందంటే కుడి చెయ్యి తిరిగి వస్తోందన్నమాట. మా ఇంట్లో దీనికి ఇంకో అర్థం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

నా పొగరు చూడాలి ఆ నెలల్లో. స్టాఫ్ రూములో ఫోన్లో ఫొటో తీసి చూపించాను. ట్యాంకు పేరెత్తితే మండిపడే నేను, తీగ చివర బొట్టు జిగురు ఎంత పెట్టాలో సైన్సు టీచరుకు వివరంగా చెప్పాను. "మీ వారు చాలా గ్రేట్ మేడం" అంటే, "గ్రేటూ లేదు గీటూ లేదు, కుడి చెయ్యి బాగైంది, అంతే" అన్నాను. పావురం నెత్తురు పక్కింటావిడను గోడ దగ్గరికి పిలిచి మరీ చూపించాను. మరిది రెండోసారి వచ్చినప్పుడు చైను తెచ్చి వాడి ముందు పెట్టాను.

"చూడప్పా. మీ అన్న చేసినాడు. సూదిమొనంత చిల్లులో తీగ దూర్చినాడు. అంత చేసిన చేతికి ఉద్ధరిణి బరువా?"

వాడు చైను ఎత్తి చూశాడు. మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఫ్యాను వైపు చూశాడు. మరిది ఏమీ అనకుండా లేచి పోయాడు. వాడి నోరు మూయించానని ఆ రోజు నేను పాయసం చేశాను.

శివరాత్రి దాటాక చైను పూర్తయింది. దానికి ఇంకో తతంగం ఉంది. పోతపోసిన బిళ్ళలు వెండిలా మెరుస్తుంటాయి, ట్యాంకుకు మెరుపు పనికిరాదు. ఒక మందు నీళ్ళలో ముంచితే నల్లబడతాయి. తర్వాత నేలకు రాసుకునే చోట మాత్రం కొంచెం రుద్దితే వాడిన చైనులా కనిపిస్తుంది. కొత్తది కొని పాతదిగా చేయడం, వీళ్ళ తెలివంతా అందులోనే ఉంది. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి రెండు చైన్లూ నల్లగా పేపరు మీద ఆరుతున్నాయి. ఇల్లంతా ఘాటు వాసన.

అన్నం కలిపి తెచ్చాను. ఆయన నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపాడు. ఎడమ చెయ్యి. వేళ్ళ కొనలు అయిదూ బొగ్గులా నల్లబడి ఉన్నాయి. గోళ్ళ సందుల్లోకి దిగింది ఆ నలుపు. చూపుడు వేలి మీద జిగురు గట్టిపడి, పొరలు పొరలుగా కాయకట్టి ఉంది. అది ఒక్కరోజుది కాదు, కుడి చేతి కోసమే చూస్తూ ఇన్నాళ్ళూ దీని వంక నేను చూడనే లేదు.

నేను కంచం కింద పెట్టి ఉత్తరీయం తీశాను. కుడి చెయ్యి ఒడిలో ఉంది. తెల్లగా, శుభ్రంగా, పసిపిల్లల చెయ్యిలా మెత్తగా ఉంది. దాని మీద ఒక మరక లేదు. ఒక గీత కూడా లేదు. ఏ పనీ చేయని చెయ్యి ఎలా ఉంటుందో అలా ఉంది.

చైను చేయగా మిగిలిన బిళ్ళ ఒకటి పేపరు మీద ఉంటే తీసి ఆ అరచేతిలో పెట్టాను. "పట్టుకోండి" అన్నాను. ఆయన ప్రయత్నించాడు. నుదుటి మీద నరం లేచింది. వేళ్ళు కదలలేదు. బిళ్ళ జారి నేల మీద పడింది.

"మొదట కుడిచేత్తోనే మొదలుపెట్టినా. ఒట్టు. ముక్కలన్నీ రాలిపోతాండె. దాన్ని పక్కన పెట్టి ఎడమ చేత్తో ఒకటి చేసి చూసినా, వచ్చింది. ట్యాంకేగదా, స్వామి పని కాదుగదా అనుకున్యా" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనుకుంటి. నువ్వు చెప్పులు గూడ విడవకుండా స్కేలు తీసుకోని కొలస్తాంటివి. నీ మొగం అంత కళగా ఉండి ఎన్నాళ్ళైంది? ఎట్ల చెప్పేది?"

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీద, చెక్క చేసి ఇచ్చిన వడ్రంగి మీద, ఫ్యాను వైపు చూసిన ఆ చూపు అప్పుడే అర్థం చేసుకుని కూడా నోరు మెదపని మరిది మీద. వాడికి తెలుసు. నేను పాయసం వండుకుంటున్న రోజు వాడు వంతుకు పట్టుపంచె ఉతికించుకుని ఉంటాడు. లెక్కల టీచరమ్మ మాత్రం నెలల తరబడి తప్పు చేతిని కొలిచింది.

కర్నూలు మళ్ళీ పోయాం. డాక్టరు చెయ్యి ఎత్తి చూసి, దించి, మెల్లగా ఒడిలో పెట్టాడు. రావలసింది వచ్చేసింది, ఇక రాదన్నాడు. తిరిగి వచ్చే బస్సులో మా ఆయనే మరిదికి ఫోన్ చేసి, "తాళంచెవి నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. ఉప్పు అయిపోయింది తీసుకురా అన్నంత మామూలుగా అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. దారి పొడవునా ఎండిన పత్తి చేలు.

ట్యాంకుకు చైన్లు తొడిగాడు. ఫొటో గ్రూపులో పెడితే అటకల మీద పెట్టెలు దాచుకున్న మహానుభావులంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు. వేలాడడం అద్భుతమన్నారు. నేను భూతద్దం తెచ్చుకుని రెండు పక్కలూ చూశాను. ఒక పక్క ఆయన కుడిచేత్తో చేసింది, ఇంకో పక్క ఎడమచేత్తో చేసింది. ఒక్క బిళ్ళైనా వంకరగా ఉంటుందేమోనని వెతికాను. ఎక్కడా తేడా లేదు. ఎడమ చేత్తో ఇంత నేర్చుకున్న మనిషి, ఆ చేత్తో ఒక్క తులసిదళం వేయకూడదు. ఆ రోజు నాకు ట్యాంకు మీద కాదు, శాస్త్రం మీద ఒళ్ళు మండింది.

ఉగాది పొద్దున గుడికి పోదామన్నాడు. నేను రానన్నాను. వంతు కాజేసినవాడి ముఖం చూడాల్సిన ఖర్మ నాకేమిటన్నాను. ఆయన వినలేదు. "వంతు పోయింది, స్వామి యాడికీ పోలేదు గదా" అన్నాడు. కాలు ఈడుస్తూ ముందు నడిచాడు. వెనక నేను పళ్ళెం పట్టుకుని, సణుగుతూ.

గుడి నిండా జనం. మరిది పట్టుపంచె కట్టి, కొత్త దర్భ ఉంగరం పెట్టుకుని, గొంతు అవసరమైనదానికన్నా రెండింతలు పెంచి మంత్రాలు చదువుతున్నాడు. రెండు చోట్ల తప్పు చదివాడు. మా ఆయన పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. ఎప్పుడూ లోపల నిలబడే మనిషి మొదటిసారి గడప ఇవతల వరసలో నిలబడ్డాడు. హారతి అయింది. మరిది తీర్థం పాత్ర పట్టుకుని ఒక్కొక్కరికే పోస్తూ మా దగ్గరికి వచ్చాడు.

వచ్చి ఆగిపోయాడు. తీర్థం పట్టాలంటే కుడి అరచెయ్యి చాపాలి. ఇవ్వడానికే కాదు, పుచ్చుకోవడానికీ కుడి చెయ్యి కావాలని మా ముగ్గురిలో ఎవరికీ అప్పటిదాకా తోచలేదు. మా ఆయన ఎడమ చెయ్యి కొంచెం లేచింది. ఉలిక్కిపడి దాన్ని ఉత్తరీయంలోకి లాక్కున్నాడు. వెనక జనం తోసుకుంటున్నారు.

"నోరు తెరువన్నా, పైనుంచి పోస్తా" అన్నాడు మరిది, అందరికీ వినబడేట్టు.

మా వైపు నోట్లో తీర్థం పోసేది ప్రాణం పోయేవాళ్ళకు. పళ్ళెం పక్కావిడ చేతిలో పెట్టేశాను. ఆయన కుడి చెయ్యి పట్టి పైకి లేపాను. నా కుడి చెయ్యి దాని కిందికి పోనిచ్చి, చల్లగా ఉన్న ఆ వేళ్ళను ఒక్కొక్కటే ముడిచి, అరచేతిలో గుంట వచ్చేట్టు అదిమి పట్టుకున్నాను.

"చేతిలోనే పొయ్యప్పా" అన్నాను.

పోశాడు. ఆ వేళ్ళ సందుల్లోంచి కారి నా చేతిలోకి, నా మోచేతి దాకా తడిసింది. మిగిలిన చుక్క ఆయన నోటి దగ్గరికి ఎత్తాను. తాగాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు, తెరవలేదు. తడిసిన ఆ చేతిని అలాగే పట్టి ఎత్తి ఆయన తల మీద నేనే రాశాను.

మరిది ఉద్ధరిణి నా వైపు చాపి నిలబడ్డాడు. నేను చెయ్యి తీస్తే ఆయన చెయ్యి జారిపోతుంది. తీయలేదు.

"వదినా, నీకు?" అన్నాడు.

"మా ఇంటికి ఇప్పుడు కుడి చెయ్యి ఒకటేనప్పా. దాంట్లో పోసినావు గదా, ఇద్దరికీ అయింది. ముందుకు పో" అన్నాను.

వాడు పక్కావిడ చేతిలో తీర్థం పోసి ముందుకు పోయాడు.